థైరాయిడ్ మాత్ర వేసుకునే పాపకు ఫిట్స్ ఎందుకు వచ్చాయి: ఒక కేసు వివరంగా

పిల్లల హార్మోన్ జబ్బులు చూసేవాళ్లకు ఈ కేసులో ఉన్నది చదువుకున్న జబ్బే. అయినా ఆ పాప మా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర, రెండేళ్లుగా ఫిట్స్ మందులు వాడుతోంది. మెదడులో పురుగు గుడ్లు ఉన్నాయన్న అనుమానంతో ఆల్బెండజోల్ కోర్సు ఒకటి పూర్తయింది, కాళ్ల నొప్పులకు విటమిన్ డి ఇంజెక్షన్ కూడా పడింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరూ అర్థం లేని వైద్యం చేయలేదు. నాలుగింటినీ కలిపి చూసినవాళ్లు మాత్రం లేరు. పిల్లల డాక్టర్లకు, పీజీలకు పనికొస్తుందని, థైరాయిడ్ మాత్ర వాడే పిల్లలున్న తల్లిదండ్రులు కూడా చదువుతారని వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

పాపకు పదేళ్లు. కోస్తాలో ఒక చిన్న పట్టణం. తల్లిదండ్రులది మేనరికం కాదు. నెలలు నిండాకే కాన్పయింది, పుట్టిన బరువు 2.7 కిలోలు. పుట్టిన బిడ్డ మడమలో నాలుగు చుక్కల రక్తం తీసి చేసే థైరాయిడ్ స్క్రీనింగ్ ఆ ఆసుపత్రిలో జరగలేదు. మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరు పుట్టుకతోనే థైరాయిడ్ లోపంతో పుడతారు. అయినా ఈ పరీక్ష ఇప్పటికీ అన్ని చోట్లా చేయడం లేదు. ఈ పాప విషయంలో అది చేసినా పెద్దగా తేడా వచ్చేది కాదేమో, ఎందుకో తర్వాత చెబుతాను.

ఏడో నెలలో బిడ్డ మందకొడిగా ఉంటోందని, నాలుగైదు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదని తీసుకెళ్తే టీఎస్‌హెచ్ 14 వచ్చింది. టీఎస్‌హెచ్ అంటే పని చేయమని థైరాయిడ్‌కు పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ పని తగ్గితే ఇది పెరుగుతుంది. థైరాయిడ్ తయారు చేసే హార్మోన్, ఫ్రీ టీ4, నార్మల్ పరిధిలో కింది అంచున ఉంది. స్కాన్‌లో గ్రంథి ఉండాల్సిన చోటే, ఉండాల్సిన సైజులోనే కనిపించింది. థైరాక్సిన్ మొదలుపెట్టారు. ఆ నిర్ణయం సరైనదే. మూడేళ్లలోపు మెదడు ఎదుగుదలకు థైరాయిడ్ హార్మోన్ ఎంత అవసరమో తెలిసినవాళ్లెవరైనా ఆ వయసులో ఆలోచిస్తూ కూర్చోరు, ముందు మాత్ర ఇస్తారు.

మూడేళ్లు నిండాక మాత్ర నెల రోజులు ఆపి చూశారు. ఇదీ పద్ధతి ప్రకారమే, ఎందుకంటే కొందరు పిల్లల్లో లోపం తాత్కాలికం. టీఎస్‌హెచ్ 16కి పెరిగింది. మాత్ర మళ్లీ మొదలైంది, ఫైల్ మీద ‘శాశ్వత హైపోథైరాయిడిజం’ అన్న మాట పడింది.

ఆ ఫైల్‌లో జవాబు లేని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. గ్రంథి లేకపోయినా, ఉండాల్సిన చోట లేకపోయినా టీఎస్‌హెచ్ సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువగా, ఒక్కోసారి వంద దాటి కూడా ఉంటుంది. ఇక్కడ గ్రంథి చక్కగా ఉంది, వాపు లేదు, టీఎస్‌హెచ్ కాస్తే పెరిగింది, అదీ ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఎందుకు? అయోడిన్ లోపమా, గ్రంథిలో హార్మోన్ తయారీ లోపమా, లేక టీఎస్‌హెచ్ మాట గ్రంథి వినడం లేదా? మాత్ర పని చేస్తోంది కాబట్టి ఎవరికీ ఆ ప్రశ్న అవసరం పడలేదు.

పాప ఇరవై నెలలకు నడిచింది. మాటలు ఆలస్యం. గుండ్రటి ముఖం, బొద్దుగా ఉండేది. స్కూల్లో చేరాక చదువులో వెనకబడింది, వరసలో అందరికంటే ముందు నిలబెట్టేవారు. ప్రతిదానికీ ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఒకటే జవాబు: ‘థైరాయిడ్ కదా.’ నిజానికి సరిపడా డోసులో థైరాక్సిన్ అందుతున్న బిడ్డ పొట్టిగా ఉండిపోతే, లావవుతూ పోతే ఆ నేరం థైరాయిడ్ మీద వేయకూడదు. మాత్ర అందుతున్నప్పుడు ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే ఎదగాలి.

ఎనిమిదో ఏట స్కూల్ ప్రార్థనలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. సీటీ స్కాన్ తీస్తే మెదడులో తెల్లటి మచ్చలు, అంటే కాల్షియం పేరుకున్న చోట్లు కనిపించాయి. మన దేశంలో ఫిట్స్ వచ్చిన పిల్లల స్కాన్‌లో అలాంటి మచ్చ కనిపిస్తే మొదట గుర్తొచ్చేది న్యూరోసిస్టిసర్కోసిస్, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే జబ్బు. రిపోర్టులోనూ అదే అనుమానంగా రాశారు. ఆల్బెండజోల్, కొన్నాళ్లు స్టెరాయిడ్, వీటితో పాటు ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఇచ్చారు. కొన్ని వారాలు ఫిట్స్ తగ్గినట్టే అనిపించి మళ్లీ ఎక్కువయ్యాయి. వాల్‌ప్రోయేట్ జోడించారు.

మధ్యలో కాళ్ల నొప్పులని వేరేచోట చూపిస్తే రక్తపరీక్షలో కాల్షియం 7.1 వచ్చింది. విటమిన్ డి కూడా తక్కువే. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ చేశారు. కాల్షియం మళ్లీ చూడలేదు. ఆ కాగితం తల్లి సంచిలో మిగతా రిపోర్టుల మధ్య ఉండిపోయింది.

మా దగ్గరికి వచ్చిన రాత్రి

ఇంట్లో ఏదో గొడవలో పాప బాగా ఏడ్చింది. ఆ తర్వాత ఫిట్స్ మొదలై ఆగడం లేదని క్యాజువాలిటీకి తెచ్చారు. మిడజోలాం ఇస్తే ఆగాయి, అరగంటకు మళ్లీ వచ్చాయి. గ్లూకోజ్ 96. రెండు ఫిట్స్ మందులు రోజూ వాడుతున్న బిడ్డకు ఫిట్స్ ఆగకపోతే మామూలుగా అనుకునేది డోసులు తప్పాయని. తల్లి మాత్రల షీట్లు తీసి చూపించింది, ఒక్క డోసూ తప్పలేదు.

అప్పుడు ఆమె చెప్పిన మాట ఈ కేసుకు మలుపు: “ముందు చేతులు కొంకర్లు పోతాయి డాక్టర్ గారూ. అప్పుడు పిలిస్తే పలుకుతుంది కూడా. ఆ తర్వాత పడిపోతుంది.”

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో ఉన్న బిడ్డ పిలిస్తే పలకదు. స్పృహలో ఉండగానే వేళ్లు బిగుసుకుపోవడం, మణికట్టు లోపలికి వంగడం టెటనీ లక్షణం, అంటే రక్తంలో కాల్షియం తగ్గి కండరాలు బిగుసుకుపోవడం. ఎప్పుడెప్పుడు వస్తాయమ్మా అని అడిగితే పరుగెత్తి వచ్చినప్పుడు, గట్టిగా ఏడ్చినప్పుడు అంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, క్షార గుణం పెరుగుతుంది. దాంతో కాల్షియం ఆల్బుమిన్‌కు ఎక్కువగా అంటుకుని, నరాలకు పనికొచ్చే అయొనైజ్డ్ కాల్షియం ఇంకా పడిపోతుంది. అంచున నిలబడ్డ బిడ్డను ఆ ఏడుపే కిందికి తోస్తుంది.

ఈలోగా బీపీ కఫ్ బిగిసిన చేయి ముడుచుకుపోతోందని నర్సు పిలిచింది. కాల్షియం తక్కువైనప్పుడు కఫ్ ఒత్తిడికి చేయి ఇలా ముడుచుకోవడాన్ని ట్రూసో సైన్ అంటారు. దాని కోసం మేం ప్రత్యేకంగా చూడాల్సిన పని లేకుండా మానిటరే చూపించింది. ఈసీజీలో క్యూటీసీ అనే విరామం 510 మిల్లీసెకండ్లకు సాగింది, అదీ కాల్షియం తగ్గిందనే చెబుతుంది.

ఇక్కడ మొదటి నిర్ణయం. కాల్షియం వెంటనే ఎక్కించాలి, అందులో సందేహం లేదు. అయితే ఎక్కించే ముందు ఆ నిమిషంలోనే రక్తం తీసి పారాథైరాయిడ్ హార్మోన్ (రక్తంలో కాల్షియంను పెంచే హార్మోన్), ఫాస్ఫరస్, మెగ్నీషియం, విటమిన్ డి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఎముకల సంగతి చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్నింటికీ పక్కన పెట్టించాం. రక్తంలో కాల్షియం పెరగగానే పారాథైరాయిడ్ హార్మోన్ పడిపోవడం మొదలవుతుంది. కాల్షియం తక్కువగా ఉన్న క్షణంలో అది ఎంత ఉందన్నదే అసలు సమాచారం. ఒక్క సిరంజి రక్తం ముందుగా తీయకపోతే ఆ తర్వాత వారం రోజులు ఊహాగానాలే.

పది శాతం కాల్షియం గ్లూకోనేట్ 20 మిల్లీలీటర్లు పలచన చేసి, గుండె వేగం మానిటర్ మీద చూస్తూ నెమ్మదిగా ఎక్కించాం. బరువు లెక్కన ఇంకా ఎక్కువ వస్తుంది గానీ ఒక్కసారికి అది దాటం. మంచి నరం చూసుకోవడం ముఖ్యం. ఈ మందు నరం బయటికి కారితే చర్మం కాలిపోయినట్టవుతుంది. ఎక్కుతుండగానే ఫిట్స్ ఆగాయి. రెండేళ్లుగా మందులకు లొంగని ఫిట్స్ అవి.

అంకెలు, వాటి మీద వాదన

మొత్తం కాల్షియం డెసిలీటరుకు 5.2 మిల్లీగ్రాములు, ఆల్బుమిన్ మామూలే. ఫాస్ఫరస్ 8.9, ఈ వయసులో దాదాపు 4 నుంచి 5.5 మధ్య ఉండాలి. మెగ్నీషియం, క్రియాటినిన్ నార్మల్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆ వయసుకు తగ్గట్టే ఉంది. విటమిన్ డి 13. పారాథైరాయిడ్ హార్మోన్ 412, ఆ ల్యాబ్‌లో గరిష్ఠ పరిమితి 65. థైరాక్సిన్ వాడుతున్నా టీఎస్‌హెచ్ 9.8. థైరాయిడ్ యాంటీబాడీలు లేవు.

డ్యూటీలో ఉన్న పీజీ అభిప్రాయం విటమిన్ డి లోపం అని. కాల్షియం తక్కువ, విటమిన్ డి తక్కువ, పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువ, ఈ మూడూ దానికి సరిపోతాయి. మన ఎండల్లో కూడా ఈ లోపం ఎంత మామూలో అందరికీ తెలుసు కాబట్టి ఆ ఆలోచన తప్పు కాదు. నాలుగో అంకె మాత్రం దానికి ఒప్పుకోదు. విటమిన్ డి లోపంలో పెరిగిన పారాథైరాయిడ్ హార్మోన్ కిడ్నీ చేత ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి తోయిస్తుంది. కాబట్టి రక్తంలో ఫాస్ఫరస్ తగ్గాలి, మహా అయితే నార్మల్‌గా ఉండాలి. 8.9 కాకూడదు. పైగా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగలేదు, మణికట్టు ఎక్స్‌రేలో రికెట్స్, అంటే విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడిన గుర్తులు, లేవు.

కాల్షియం తగ్గి ఫాస్ఫరస్ పెరిగిన బిడ్డలో ముఖ్యంగా మూడు దారులు చూస్తాం. కిడ్నీ చెడిపోయి ఉండాలి, క్రియాటినిన్ అది కాదంటోంది. పారాథైరాయిడ్ హార్మోన్ తయారు కాకుండా ఉండాలి, 412 అది కాదంటోంది. ఇక మిగిలింది హార్మోన్ ఉన్నా కిడ్నీ స్పందించకపోవడం. వీధి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ ఆపకుండా మోగుతోంది, లోపలివాళ్లకు వినిపించడం లేదు. దీన్నే సూడోహైపోపారాథైరాయిడిజం అంటారు. 1942లో బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్, ఆయన సహచరులు మొదటిసారి వివరించారు. పారాథైరాయిడ్ సారం ఇంజెక్షన్ చేసినా ఆ రోగుల్లో రావాల్సిన స్పందన రాలేదు. శరీరంలో హార్మోన్ ఉండి కూడా అవయవం దానికి స్పందించకపోవచ్చన్న సంగతి వైద్యానికి మొదట తెలిసింది ఆ జబ్బుతోనే.

ఇప్పుడు టీఎస్‌హెచ్ సంగతి. పారాథైరాయిడ్ హార్మోన్ కిడ్నీ కణం తలుపు తట్టాక లోపలికి కబురు మోసేది జీఎస్ ఆల్ఫా అనే ప్రోటీన్. టీఎస్‌హెచ్ థైరాయిడ్ కణంలోకి కబురు పంపేదీ దాని ద్వారానే. ఎదుగుదల హార్మోన్‌ను విడుదల చేయించే సంకేతం, అండాశయాలకు వెళ్లే సంకేతం, మెదడులో ఆకలిని అదుపు చేసే సంకేతం కూడా దాని మీదే ఆధారపడతాయి. ఆ ప్రోటీన్ సగమే తయారవుతుంటే ఇవన్నీ ఒక్కొక్కటిగా నీరసపడతాయి. అంటే ఈ పాప థైరాయిడ్ గ్రంథికి ఏ జబ్బూ లేదు. ఏడో నెలలో పెరిగిన టీఎస్‌హెచ్, పదో ఏట పడిపోయిన కాల్షియం రెండూ ఒకే లోపం వేర్వేరు వయసుల్లో బయటపడిన తీరు.

అనుమానం వచ్చాక మళ్లీ చేతులు చూశాం. పిడికిలి బిగించమంటే నాలుగు, ఐదు వేళ్ల దగ్గర కణుపులు లేవాల్సిన చోట గుంటలు పడ్డాయి. ఎక్స్‌రేలో ఆ రెండు వేళ్ల అరచేతి ఎముకలు పొట్టిగా ఉన్నాయి. పొట్ట మీద, తొడ మీద చర్మం కింద రాయిలా గట్టి చిన్న గడ్డలు ఉన్నాయి. ఇంజెక్షన్ గడ్డలని ఇంట్లో అనుకున్నారు. అవి చర్మంలో పుట్టిన ఎముక ముక్కలు. ఎత్తు 121 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. కంటి డాక్టరు చూస్తే రెండు కళ్లలోనూ శుక్లం తొలి ఛాయలు. ఇవి కాల్షియం ఏళ్ల తరబడి తక్కువగా ఉందని చెప్పే గుర్తులు.

పాత సీటీ ఫిల్మ్ తెప్పించి రేడియాలజిస్టుతో కూర్చుని చూశాం. మచ్చలు రెండు వైపులా ఒకేలా, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాలో ఉన్నాయి. సిస్టిసర్కోసిస్ మచ్చలు మామూలుగా అక్కడొకటి ఇక్కడొకటి, మెదడు పైపొర దగ్గర చెదురుమదురుగా ఉంటాయి. అద్దంలో ప్రతిబింబంలా రెండు వైపులా మధ్యలో కాల్షియం పేరుకుందంటే మొదట రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ చూడాలి. ఇంకో మాట, ఆ మచ్చలు నిజంగా సిస్టిసర్కోసిస్‌వే అయినా కాల్షియం పేరుకున్నదంటే పురుగు అప్పటికే చచ్చిందని అర్థం, ఆల్బెండజోల్‌తో ఒరిగేదేమీ లేదు.

ఏం ప్రయత్నించాం, ఎక్కడ ఆగిపోయాం

బోలస్‌గా, అంటే ఒక్క విడతగా ఇచ్చిన కాల్షియం కొన్ని గంటలే నిలిచింది. మళ్లీ 6 కిందికి. మళ్లీ బోలస్, మళ్లీ పతనం. ఇలా పరుగులు పెట్టడం కంటే నిరంతరంగా ఎక్కించడం మేలని ఇన్ఫ్యూజన్‌కు మారాం. ఇక్కడ వార్డులో ఒక చర్చ నడిచింది. కాల్షియంను నార్మల్‌కు ఎందుకు తీసుకెళ్లకూడదు? ఫాస్ఫరస్ 8.9 ఉన్నప్పుడు కాల్షియం గబగబా పెంచితే రెండూ కలిసి కిడ్నీలో, మెత్తటి కణజాలంలో పేరుకుంటాయి. రెండింటి గుణకారం 55 దాటకుండా చూసుకుంటాం. కాబట్టి మొదటి రోజుల్లో లక్ష్యం నార్మల్ కాదు, ఫిట్స్ రాకుండా ఉండే స్థాయి చాలు. ఫాస్ఫరస్ దిగిన కొద్దీ కాల్షియంను పైకి తేవచ్చు.

అసలు మందు కాల్సిట్రయాల్, అంటే వాడకానికి సిద్ధంగా ఉన్న విటమిన్ డి. మామూలు విటమిన్ డి ని చివరి మెట్టు ఎక్కించాల్సింది కిడ్నీ. ఆ పని చేయమని కిడ్నీకి చెప్పేది పారాథైరాయిడ్ హార్మోనే. ఆ మాట కిడ్నీకి వినపడనప్పుడు ఆరు లక్షల యూనిట్లు ఇచ్చినా గోదాంలో సరుకు పెరుగుతుందే గానీ బజారుకు రాదు. ఆ ఇంజెక్షన్ ఎందుకు విఫలమైందో దీంతో అర్థమవుతుంది. అలాగని 13 ఉన్న విటమిన్ డి ని వదిలేయలేదు. నిల్వ లేకపోతే అది వేరే ఇబ్బంది, పైగా పారాథైరాయిడ్ హార్మోన్ అంకెను పెంచి మనల్ని తికమక పెడుతుంది. కాబట్టి నోటి ద్వారా మామూలు విటమిన్ డి, దాంతో పాటు కాల్సిట్రయాల్ 0.25 మైక్రోగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పెంచాం. ముందు విటమిన్ డి లోపం సరిచేసి, ఆ తర్వాత జబ్బు తేల్చడం పద్ధతి. కాల్షియం 5.2 ఉన్న బిడ్డ దగ్గర అంత తీరిక లేదు.

కాల్షియం కార్బొనేట్ మాత్రలు భోజనంతోనే ఇమ్మన్నాం. రెండు లాభాలు ఉన్నాయి. తిండితో వచ్చే ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టేస్తుంది, కడుపులో ఆమ్లం ఉన్నప్పుడే బాగా కరుగుతుంది.

ఫెనిటాయిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది కాలేయంలో విటమిన్ డి ని వేగంగా విరిచేసే ఎంజైములను రెచ్చగొడుతుంది. కాల్షియం తక్కువై ఫిట్స్ వచ్చే బిడ్డకు ఆ మందు ఇస్తే మొదట్లో కాస్త తగ్గినట్టుండి క్రమంగా కాల్షియం ఇంకా జారుతుంది, ఫిట్స్ పెరుగుతాయి, డోసు పెంచుతాం, మళ్లీ జారుతుంది. ఈ పాపలో రెండేళ్లు జరిగింది అదే అయి ఉండాలి. అయినా ఒక్కరోజులో ఆపకూడదు. న్యూరాలజిస్టుతో మాట్లాడి లెవెటిరాసెటాం మొదలుపెట్టి, ఫెనిటాయిన్‌ను వారాల మీద తగ్గించాం. ఆ తర్వాత వాల్‌ప్రోయేట్ వంతు. మందుల పట్టీ పొడవు చూసి భయపడిన తండ్రికి తగ్గించేవి ఏవో, జీవితాంతం ఉండేవి ఏవో రెండు కాగితాల మీద విడివిడిగా రాసిచ్చాం.

డిశ్చార్జ్ అయ్యాక మొదటి విజిట్ నిరాశగానే సాగింది. కాల్షియం 7.4 దగ్గర నిలిచిపోయింది. టీఎస్‌హెచ్ 24కు ఎగిరింది. థైరాక్సిన్ డోసు పెంచాలా అన్నది సహజంగా వచ్చే ఆలోచన. మాత్రలు ఎప్పుడెప్పుడు వేస్తున్నారో గంట గంటకూ చెప్పమన్నాం. పొద్దున్నే పరగడుపున అన్ని మాత్రలూ ఒక్కసారే వేస్తున్నారు. ‘ఒక పనైపోతుంది కదా అని.’ కాల్షియం థైరాక్సిన్‌ను పేగులో అంటిపెట్టుకుని లోపలికి పోనివ్వదు, పరగడుపున వేసిన కాల్షియం కార్బొనేట్ ఫాస్ఫేట్‌ను పట్టలేదు, సరిగా కరగదు కూడా. ఒక్క అలవాటుతో రెండు మందులూ వృథా. రెంటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి.

దీనికి తోడు పాలు. ఎముకలు గట్టిపడాలని ఇంట్లో రోజుకు మూడు గ్లాసుల పాలు పట్టిస్తున్నారు. పాలల్లో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా దండిగా ఉంటుంది. కాల్షియం తక్కువ అనగానే పాలు పెంచమని చెప్పే మనకే ఇది కాస్త మింగుడుపడని విషయం. పాలు ఒక గ్లాసుకు తగ్గించాం, చిప్స్ ప్యాకెట్లు, కూల్ డ్రింకులు మానిపించాం. రాగి జావ ఇవ్వచ్చా అని నాయనమ్మ అడిగారు. ఇవ్వచ్చు గానీ దాన్ని మాత్రకు బదులు అనుకోవద్దని చెప్పాం.

పని చేసింది

థైరాక్సిన్ డోసు మార్చలేదు. అది తెల్లవారుజామున లేవగానే, కాల్షియం మధ్యాహ్న భోజనంతో, సాయంత్రం తినే దాంతో, రాత్రి అన్నంతో. మధ్యాహ్నం మాత్ర స్కూల్లోనే వేసుకోవాలి కాబట్టి టీచర్‌కు ఒక ఉత్తరం రాసిచ్చాం. చేతులు కొంకర్లు పోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులోనే ఉంది. ఫెనిటాయిన్ పూర్తిగా ఆగాక కాల్షియం తనంతట తాను ఇంకో మెట్టు ఎక్కింది.

ఆరు నెలలకు కాల్షియం 9.0, ఫాస్ఫరస్ 5.6, పారాథైరాయిడ్ హార్మోన్ 88, టీఎస్‌హెచ్ 3.4. ఫిట్స్ మళ్లీ రాలేదు. ఏడాది తర్వాత ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చూసి లెవెటిరాసెటాం కూడా ఆపించాం. మెదడులో మచ్చలు అలాగే ఉన్నాయి, అవి ఉన్నంత మాత్రాన ఫిట్స్ మందు అక్కర్లేదు.

డోసు ఎంతవరకు పెంచాలన్న దాంట్లో హైపోపారాథైరాయిడిజానికీ దీనికీ తేడా ఉంది. అసలు హార్మోనే లేని పిల్లల్లో కాల్షియంను నార్మల్ కింది అంచున ఉంచుతాం. లేకపోతే మూత్రంలోకి కాల్షియం పోయి కిడ్నీలో రాళ్లు, మచ్చలు వస్తాయి. ఈ జబ్బులో కిడ్నీలో ఫాస్ఫేట్‌ను వదిలించే భాగమే హార్మోన్ మాట వినదు, కాల్షియంను వెనక్కి పట్టుకునే భాగం వింటుంది. ఎముక కూడా వింటుంది. అందుకే కాల్షియంను నార్మల్‌లో ఉంచగలం, ఉంచాలి కూడా. పారాథైరాయిడ్ హార్మోన్ ఏళ్ల తరబడి 400లో ఉంటే అది ఎముకను తినేస్తుంది. మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి ప్రతి విజిట్‌లో చూస్తున్నాం, కిడ్నీ స్కాన్ ఏడాదికోసారి.

కుటుంబం

ఎక్స్‌రే చూపించి నాలుగో వేలు పొట్టిగా ఉందని చెబుతుంటే తల్లి తన చేయి ముందుకు చాపింది. అవే వేళ్లు. “మా నాన్నవీ ఇంతే డాక్టర్ గారూ, మా ఇంటి వేళ్లు అంటారు.” ఆమె ఎత్తు కూడా తక్కువే. ఆమె కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్, టీఎస్‌హెచ్ అన్నీ నార్మల్.

జన్యు పరీక్షలో ఇద్దరిలోనూ జీఎన్‌ఏఎస్ అనే జన్యువులో ఒకే మార్పు కనిపించింది. ఏడో ఎక్సాన్‌లో, అంటే ఆ జన్యువులోని ఒక భాగంలో, నాలుగు బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ఎగిరిపోయాయి. ఈ జబ్బులో ప్రపంచమంతా తరచుగా కనిపించే మార్పే ఇది. ఒకే మార్పు ఉన్న తల్లికి హార్మోన్ ఇబ్బంది లేదు, కూతురికి ఉంది. కారణం, కిడ్నీ గొట్టాల్లో, థైరాయిడ్‌లో, పిట్యూటరీలో ఈ జన్యువు ప్రధానంగా తల్లి నుంచి వచ్చిన ప్రతినే వాడుకుంటుంది. తండ్రి నుంచి వచ్చినది అక్కడ చాలావరకు మౌనంగా ఉంటుంది. ఆమెకు లోపం తండ్రి నుంచి వచ్చింది కాబట్టి పొట్టి వేళ్లతో పోయింది. పాపకు తల్లి నుంచి వచ్చింది కాబట్టి హార్మోన్లు కూడా దెబ్బతిన్నాయి. తల్లి ఇది విని తనవల్లే అని ఏడ్చింది. ఈ జన్యువు సంగతి చెప్పేటప్పుడు తండ్రినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మంచిది, ఇంటికెళ్లాక నింద పెట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఆమెకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ లోపం వచ్చే అవకాశం సగం అని కూడా ఆ రోజే చెప్పాం.

పాపకు మూడేళ్ల తమ్ముడున్నాడు. చురుగ్గా ఉన్నాడు, ఫిర్యాదులేమీ లేవు. టీఎస్‌హెచ్ 9, కాల్షియం 9.7, ఫాస్ఫరస్ నార్మల్, పారాథైరాయిడ్ హార్మోన్ నార్మల్. జన్యు మార్పు వాడిలోనూ ఉంది.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఏడో నెలలోనే కాల్షియం చూసి ఉంటే జబ్బు దొరికేదా? దొరకదు. తమ్ముడి అంకెలే సాక్ష్యం. తండ్రి నుంచి వచ్చిన జన్యువు ప్రతి, కిడ్నీలో పుట్టగానే మౌనం కాదు, నెమ్మదిగా అవుతుంది. అందుకే టీఎస్‌హెచ్ పసితనంలోనే పెరిగినా పారాథైరాయిడ్ హార్మోన్ సాధారణంగా రెండేళ్ల తర్వాతే పెరగడం మొదలవుతుంది, ఆపైన ఫాస్ఫరస్, అన్నిటికంటే చివర కాల్షియం పడుతుంది. మడమ రక్తంతో చేసే స్క్రీనింగ్ జరిగినా, కాస్తే పెరిగే ఇలాంటి టీఎస్‌హెచ్ అందులో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినా ‘థైరాయిడ్ లోపం’ అన్న పేరుతోనే ఫైల్ తెరుచుకునేది. కాబట్టి ఒక్కసారి కాల్షియం నార్మల్ వచ్చిందని ఈ అనుమానాన్ని మూసేయకూడదు. గ్రంథి చోటులోనే ఉండి, యాంటీబాడీలు లేకుండా, టీఎస్‌హెచ్ కాస్తే పెరిగిన బిడ్డ బొద్దుగా, పొట్టిగా ఎదుగుతుంటే నేను ఏడాదికోసారి కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తాను. ఫాస్ఫరస్ మర్చిపోతారు చాలామంది. ఈ కేసులో జబ్బును పట్టించింది అదే.

ఫిట్స్ వచ్చిన బిడ్డకు గ్లూకోజ్ చూడని ఆసుపత్రి లేదు. కాల్షియం చూడని ఆసుపత్రులు చాలా ఉన్నాయి, ముఖ్యంగా పసిబిడ్డ కాకపోతే. ఆ పరీక్ష ఖర్చు సీటీ స్కాన్ ఖర్చులో చిన్న భాగం. రెండు ఫిట్స్ మందులకు లొంగలేదంటే మూడోది జోడించే ముందు తల్లిని కూర్చోబెట్టి ఫిట్స్ ఎలా మొదలవుతాయో, ఎప్పుడు వస్తాయో మొదటి నుంచి చెప్పించుకోవాలి. ఆమె ఈ కొంకర్ల సంగతి అంతకుముందు కూడా చెప్పానంది. ఫిట్స్‌లో భాగమే అనుకుని ఉంటారు.

బరువు గురించి కూడా. లోపమున్న చోట ఆకలి అదుపు సంకేతం కూడా ఉంది, విశ్రాంతిలో ఈ పిల్లల శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తక్కువ. తిండి తగ్గించమని చెప్పాలి నిజమే, కానీ తిండిపోతు అని తిట్టొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పడం అంతకంటే ముఖ్యం. గడ్డలు బాగోలేవని ఆపరేషన్ చేయించొద్దని చెప్పాం, గాయమైన చోట కొత్త ఎముక పుట్టే ప్రమాదం ఉంది.

ఎత్తు విషయం ఇంకా తేలలేదు. పాప ఎముక వయసు అసలు వయసు కంటే రెండేళ్లు ముందుంది, ఎదుగుదల హార్మోన్ పరీక్షలో స్పందన తక్కువగా వచ్చింది. ఎముక చివరలు త్వరగా మూసుకుపోయే జబ్బు ఇది, కాబట్టి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే ఎంత లాభమో, రోజూ సూది, ఆ ఖర్చు ఈ కుటుంబం మోయగలదో లేదో ఇంకా మాట్లాడుకుంటున్నాం.

తమ్ముడికి థైరాక్సిన్ అప్పుడే మొదలుపెట్టాం. ఆరు నెలలకోసారి మిగతావి చూస్తూ వచ్చాం. ఐదో ఏట పారాథైరాయిడ్ హార్మోన్ 70, ఆ తర్వాతి పరీక్షలో 148. ఫాస్ఫరస్ నార్మల్ పై అంచుకు చేరింది. కాల్షియం 9.5. “కాల్షియం బాగానే ఉంది కదండీ, వీడికిప్పుడే మందెందుకు?” అని తండ్రి అడిగాడు. 2018లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం ప్రకారం, కాల్షియం నార్మల్‌గా ఉన్నా హార్మోన్ గరిష్ఠ పరిమితికి రెండు రెట్లు దాటితే కాల్సిట్రయాల్ మొదలుపెట్టాలి. పిల్లలిద్దరి అంకెలూ ఒకే కాగితం మీద వేసి, కూతురి కాల్షియం 7.1 వచ్చిన రోజు ఎక్కడుందో, కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో చూపించాను. మందు రాయించుకున్నాడు. మూడు నెలల తర్వాత మూత్రం, రక్తం రెండూ తెమ్మన్నాం.